పాత లేత్‌కు రెండు డబ్బాల ఎపాక్సీ రంగు: మూడేళ్లు వాడాక

ఈ రోజు పొద్దున లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) చక్ కింద, అంటే ఆ ముక్కను పట్టి ఉంచే భాగం కింద, ట్రేలో ఉన్న ఇనుప పొట్టు ఎత్తేసి, అడుగున నిలిచిన కూలెంట్‌ను (చెక్కేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవాన్ని) గుడ్డతో తుడిచాను. కింద లేత బూడిద రంగు, మూడేళ్ల కిందట వేసిన రోజు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. గోరుతో గీరాను, రాలేదు. ఈ రంగు గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. కానీ కొత్తలో ఏ రంగైనా బాగానే కనిపిస్తుంది. మిషన్ మీద రంగు గురించి మాట్లాడాలంటే దాని మీద నూనె, కూలెంట్, వేడి చిప్స్ (చెక్కినప్పుడు లేచే పొట్టు), చేయి జారిన చక్ కీ (చక్ బిగించే తాళం) అన్నీ పడాలి. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

నేను వాడింది రెండు డబ్బాల్లో వచ్చే ఎపాక్సీ. ఒకదాంట్లో రంగు, రెండోదాంట్లో హార్డెనర్, అంటే దాన్ని గట్టిపరిచే మందు. ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) కూడా ఎపాక్సీయే. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ రకం రంగులన్నీ పనిచేసే పద్ధతి ఒకటే. నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఈ రకానికంతటికీ వర్తిస్తాయి.

ముందు దీని జోలికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పాలి. ఈ లేత్ నేను కొన్నప్పుడు తళతళలాడే ఆకుపచ్చలో ఉంది. అమ్మినవాళ్లు "పూర్తిగా రీకండిషన్ చేశాం సార్, కొత్తదే అనుకోండి" అన్నారు. వాళ్లెవరో ఇక్కడ రాయను. మూడు నెలలు బాగానే ఉంది. నాలుగో నెలలో ట్రే దగ్గర రంగు ఉబ్బింది, తర్వాత చెట్టు బెరడులా పెచ్చులు లేచింది. ఒక పెచ్చు తీసి వెనక్కి తిప్పి చూస్తే నల్లటి జిడ్డు. వేలితో రాస్తే వేలికి అంటుకుంది. అంటే ఏళ్ల తరబడి పేరుకున్న నూనె మీదే రంగు కొట్టేశారు. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద అసలు కంపెనీ బూడిద రంగు, దాని కింద పుట్టీ. మధ్యలో ఎక్కడా ప్రైమర్ అనేదే లేదు.

పెచ్చులు లేవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. క్యారేజ్ (చెక్కే పనిముట్టును జరిపే భాగం) మీద నూనె పోయడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి, వాటిలో స్ప్రింగ్ మీద ఒక చిన్న బాల్ కూర్చుని ఉంటుంది. ఆయిల్ క్యాన్ ముక్కుతో నొక్కితే బాల్ లోపలికి పోయి నూనె దిగుతుంది. వాటిలో రెండింటి మీద రంగు పడి, ఎండి, బాల్ బిగుసుకుపోయింది. నేను రోజూ క్యాన్ పెట్టి నొక్కుతూనే ఉన్నాను. నూనె పక్కకు కారుతుంటే లోపల నిండి పొర్లుతోందనుకున్నాను. లోపల క్రాస్ స్లైడ్ (పనిముట్టును అడ్డంగా జరిపే భాగం) నట్ పొడిగా తిరుగుతూ అరిగింది. హ్యాండిల్‌లో ప్లే (వదులు) పెరిగితే గానీ నాకు తెలియలేదు. నట్ మార్చాల్సి వచ్చింది.

మా దగ్గరికి అప్పుడప్పుడు వచ్చే పెద్ద ఫిట్టర్ ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాను. ఆయన ఆ కన్నం వైపు చూసి, "రంగు వేసినవాడికి మిషన్ తెలియదురా. తెలిసినవాడైతే ముందు ఆ కన్నాల్లో పుల్లలు గుచ్చి ఉండేవాడు" అన్నారు.

"మరి ఇప్పుడేం చేద్దాం బాబాయ్?"

"అంతా గీకెయ్. బీడు కనపడాలి. సగం గీకి సగం వదిలేస్తే మళ్లీ ఇదే."

బీడు, అంటే పోత ఇనుము, కనపడాలి అన్న మాట అప్పుడు చిన్నదిగానే అనిపించింది. ఆ గీకుడికే పదకొండు రోజులు పట్టింది.

రంగు ఎంచుకోవడం గురించి ముందు చెబుతాను. డబ్బా మూత తీసి నేరుగా వేసే మామూలు ఎనామెల్ ఇనుప గేటుకు బాగుంటుంది, స్టూలుకు బాగుంటుంది. కూలెంట్ పడే లేత్‌కు మాత్రం వద్దు. ఎందుకంటే నీళ్లలో కలిపి వాడే కూలెంట్ కొంచెం క్షార గుణంతో ఉంటుంది, పీహెచ్ సుమారు 8.5 నుంచి 9.5 మధ్య. ఇనుము తుప్పు పట్టకుండా, కూలెంట్ కుళ్లకుండా అలా ఉంచుతారు. ఎనామెల్‌లో ఉండే ఆల్కిడ్ రెజిన్ తయారీలో నూనెల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలుంటాయి. నూనె, క్షారం కలిస్తే ఏమవుతుంది? సబ్బు. అదే సంగతి ఇక్కడ నెమ్మదిగా, నెలల తరబడి జరుగుతుంది. రంగు మెత్తబడుతుంది, జిగటగా అవుతుంది, ఒక రోజు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. నా లేత్ మీది ఆకుపచ్చ మామూలు ఎనామెలే అనుకుంటున్నాను. థిన్నర్ గుడ్డతో రుద్దగానే కరిగిపోయింది. గట్టిగా కుదురుకున్న ఎపాక్సీ అలా కరగదు.

రెండు డబ్బాల పాలీయురేథేన్ ఇంకో దారి. మెరుపు చూస్తే ఎపాక్సీ కన్నా అదే బాగుంటుంది, ఎండకు కూడా తట్టుకుంటుంది. నేను దాన్ని వద్దనుకోవడానికి ఒకటే కారణం. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉబ్బసం తెప్పించగలదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిపాటి పీల్చినా ఆయాసం వస్తుంది. కార్బన్ మాస్క్ సరిపోదు, బయటి నుంచి గాలి పంపే మాస్క్ కావాలి. నా దగ్గర అది లేదు, నా పక్కన పనిచేసే కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను. కారు షెడ్లలో వేస్తారు కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడ కూడా ఆ మాస్క్ లేకుండా వేయకూడదు, ఈ విషయంలో నేను ఏమాత్రం తగ్గను.

ఎపాక్సీలో కూడా జాగ్రత్త అవసరమే. దాని హార్డెనర్ చర్మానికి తగిలితే దద్దుర్లు, దురద వచ్చే అలర్జీ పట్టుకోవచ్చు, పట్టుకుంటే మళ్లీ వదలదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. చేతికి అంటితే థిన్నర్‌తో కడుక్కోవద్దు, థిన్నర్ దాన్ని చర్మం లోపలికి ఇంకా తీసుకెళ్తుంది. సబ్బు నీళ్లు చాలు.

హామర్ ఫినిష్ రంగు గురించి కూడా చాలామంది అడుగుతారు. సుత్తితో కొట్టినట్టు గుంటలు గుంటలుగా ఉండే ఆ రంగు పోతలోని ఎగుడుదిగుళ్లను బాగా కప్పేస్తుంది, పుట్టీ పని తగ్గిస్తుంది. కానీ వాటిలో చాలా రకాల్లో సిలికాన్ ఉంటుంది. రేపు దాని మీద ఇంకో రకం రంగు వేస్తే పట్టదు. చిన్న మిషన్‌కైతే ఫరవాలేదు. పౌడర్ కోటింగ్ రేకు కవర్లకు భేషుగ్గా ఉంటుంది, గేర్ కవర్, బెల్ట్ గార్డ్ అలాగే చేయించాను. మొత్తం బెడ్‌ను (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి పోతను) 180, 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టడం మాత్రం కుదిరే పని కాదు. పైగా బీడు పోతలో సన్న రంధ్రాల్లో ఇంకిన నూనె, గాలి ఆ వేడికి బయటికి తన్నుకొచ్చి పూతలో సూది బెజ్జాలు పడతాయి.

ఇక గీకుడు. పాత మిషన్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా కింది పొరల్లో, పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో. రుద్ది చూసే చిన్న పరీక్ష పుల్లలు దొరుకుతాయి, సీసం ఉంటే ఎర్రబడతాయి. నా లేత్ మీద అసలు పొర ఎర్రబడింది. ఆ క్షణం నుంచి యాంగిల్ గ్రైండర్‌కు వైర్ కప్పు పెట్టి దుమ్ము లేపే ఆలోచన మానేశాను. రక్తంలో సీసం ఇంతవరకు ఉన్నా హాని లేదు అని చెప్పగలిగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ దుమ్ము బట్టలకు అంటి ఇంటికి వెళ్తుంది, పిల్లల చేతికి అంటుతుంది. రంగు తీసే జెల్ పూసి, మెత్తబడ్డాక స్క్రేపర్‌తో తడిగానే గీకాను. సన్న దుమ్మును ఆపే పీ100 మాస్క్ పెట్టుకున్నాను. కింద ప్లాస్టిక్ షీట్ పరిచి, గీకినదంతా మూటగట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాను.

జెల్ కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. డైక్లోరోమీథేన్, లేదా మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే పక్కన పెట్టేయండి. పది నిమిషాల్లో రంగు ఊడదీస్తుంది, నిజమే. కానీ గాలి ఆడని చోట దాని ఆవిరి పీల్చి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. అమెరికాలో 2019లో దాంతో చేసిన రంగు తీసే మందులను మామూలు జనానికి అమ్మకుండా ఆపేశారు. నేను వాడినది నెమ్మదిగా పనిచేసే రకం. రాత్రి పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, పొద్దున గీకేవాడిని. ఓపిక ఉంటే చాలు.

పాత పుట్టీ అంతా తీయాలా అని ఒక ప్రశ్న వస్తుంది. బీడు పోతలు అచ్చులోంచి నున్నగా రావు. ఇసుక అచ్చు గరుకుదనం అలాగే ఉంటుంది, అందుకని కంపెనీలోనే మందంగా పుట్టీ పెట్టి నున్నగా చేసేవారు. నా బెడ్ పక్కన కొన్నిచోట్ల మూడు మిల్లీమీటర్ల మందం ఉంది. చిన్న సుత్తితో తట్టి చూశాను. గట్టిగా, నిండుగా మోగిన చోట వదిలేశాను. బోలుగా మోగిన చోట, అంచుల దగ్గర నూనె ఇంకిన చోట తీసేశాను. ఈ విషయంలో బాబాయ్‌కీ నాకూ కుదరలేదు, ఆయన మొత్తం తీయమన్నారు. వదిలేసిన చోట మూడేళ్లుగా ఏమీ కాలేదు.

ఇసుక పీడనంతో కొట్టించడం వల్ల పని తొందరగా అయిపోతుంది. విడదీసిన స్టాండు, ట్రే అయితే కొట్టించండి. బేరింగులు, స్లైడులు ఉన్న భాగాల దగ్గరికి మాత్రం ఆ ఇసుకను రానివ్వద్దు. ఎంత కప్పినా నలుసులు దూరతాయి, దూరినవి నూనెతో కలిసి రాపిడి పేస్టులా పనిచేస్తాయి.

గీకుడు అయిపోయాక అసలు పరీక్ష జిడ్డు. బీడు ముప్పై, నలభై ఏళ్లు నూనె తాగి ఉంటుంది. పైన తుడిస్తే పొడిగా కనిపిస్తుంది, గంట తర్వాత మళ్లీ చెమటలా మెరుస్తుంది. నేను చేసింది ఇది: వేడి నీళ్లలో వాషింగ్ సోడా కలిపి బ్రష్‌తో రుద్ది కడిగాను, వెంటనే ఆరబెట్టాను. తర్వాత హీట్ గన్‌తో ఒక్కో చోటు చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, పైకి ఊరిన నూనెను తుడిచాను. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. వేడి చేసేటప్పుడు దగ్గర్లో థిన్నర్ డబ్బా గానీ, థిన్నర్ గుడ్డ గానీ ఉండకూడదు. అంతా చల్లారాకే థిన్నర్ తీయాలి. థిన్నర్‌తో రెండు గుడ్డల పద్ధతి: ఒకటి తడిపి తుడవడానికి, రెండోది పొడిగా, ఆ తడి ఆరకముందే ఎత్తేయడానికి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్తుంది అంతే. ఎన్ని గుడ్డలు పోయాయో లెక్క లేదు. తెల్ల గుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా ఆపలేదు.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చిలకరించి చూడాలి. నీళ్లు పొరలా పరుచుకుంటే శుభ్రం. బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే. టెయిల్‌స్టాక్ (బెడ్ మీద చక్‌కు ఎదురుగా ఉండే భాగం) అడుగు నాలుగుసార్లు ఫెయిల్ అయింది. ఐదోసారి నీళ్లు నిలువుగా జారుతుంటే మా కుర్రాడు "అన్నా, పరుచుకుంది!" అని అరిచాడు. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ నీళ్లు మాత్రం వెంటనే ఆరబెట్టాలి, శుభ్రమైన బీడు మీద గంటలోపే సన్నటి నారింజ తుప్పు వచ్చేస్తుంది.

మిషన్ దగ్గర సిలికాన్ స్ప్రే వాడే అలవాటు ఉంటే ఈ పని మొదలుపెట్టడానికి చాలా ముందే ఆపండి. తామరాకు మీద నీటి బొట్టులా, సిలికాన్ పడిన చోట రంగు నిలవకుండా తప్పుకుంటుంది, గుండ్రటి గుంటలు పడతాయి. పెయింటర్లు ఫిష్ ఐ అనేది ఇదే.

మాస్కింగ్‌కు ఒక రోజంతా పెట్టాను. బెడ్ దారులు, స్లైడులు, ఒకదానిమీద ఒకటి కూర్చునే మొహాలు, వీటి మీద చుక్క రంగు కూడా పడకూడదు. వందో వంతు మిల్లీమీటరు లెక్క చూసే చోట రంగు మందమే పెద్ద తేడా. నేమ్ ప్లేట్లు, స్పీడ్ చార్టులు విప్పి పక్కన పెట్టాను. వాటిని పట్టి ఉంచే చిన్న మేకులు మర తిప్పినట్టు ఉంటాయి గానీ తిరగవు, కొట్టి దించినవి. వెనక నుంచి సన్నని పంచ్‌తో తట్టి తీయాలి, వెనక దారి లేకపోతే ప్లేటును అలాగే ఉంచి మీద టేపు వేయడం మంచిది. నూనె కన్నాలన్నిటిలో పుల్లలు గుచ్చాం. మొత్తం పద్నాలుగు, గోడ మీద సుద్దతో రాసి పెట్టాను. తీసేటప్పుడు లెక్క పెట్టుకుని తీశాం.

ప్రైమర్, పుట్టీ వరస గురించి ఒక మాట. నేను ముందు బీడు మీద ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద పాలిస్టర్ పుట్టీ పెట్టి, మళ్లీ ప్రైమర్ వేశాను. పాలిస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది. నేరుగా బీడు మీద పెడితే ఆ తేమ ఇనుము దాకా వెళ్తుంది. అదే కారణంతో దాన్ని నీళ్ల పేపర్‌తో తడిగా రుద్దకూడదు, పొడిగానే రుద్ది, దుమ్మును వాక్యూమ్‌తో లాగాలి. 120 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 240, చివర్లో ప్రైమర్ మీద 320.

ఇప్పుడు రంగు. రెండు డబ్బాలు డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా ఆరుతుందని మామూలు పెయింటర్లు అనుకుంటారు. ఎపాక్సీలో అలా కాదు, రెండూ ఒకదానితో ఒకటి లెక్క ప్రకారం ముడిపడాలి. ఎక్కువైనది ఏదైనా ముడిపడకుండా మిగిలిపోయి పూతను మెత్తగా ఉంచేస్తుంది. నా డబ్బా మీద కలిపాక ఇరవై నిమిషాలు ఆగమని ఉంది, ఆగాను. కలిపినదాన్ని లోతు మగ్గులో ఉంచితే తనంతట తనే వేడెక్కి తొందరగా గట్టిపడుతుంది. వెడల్పాటి ట్రేలో పోసుకుంటే ఎక్కువసేపు వాడుకోవచ్చు. మొదటి రోజు ఇది తెలియక సగం మగ్గు గడ్డకట్టింది.

స్ప్రే గన్ వాడలేదు. పెద్ద మొహాలకు సన్న ఫోమ్ రోలర్, మూలలకు బ్రష్. రోలర్ వెనకే మంచి బ్రష్‌తో తేలిగ్గా ఒకే దిక్కుకు లాగితే గీతలు సర్దుకుంటాయి. అద్దంలా రాదు. దగ్గరకొచ్చి చూస్తే బ్రష్ జాడ తెలుస్తుంది. మిషన్‌కు అది చాలు అని నా నమ్మకం.

వాతావరణం ఈ రంగుతో చాలా ఆటాడుతుంది. ఇనుము వేడి, గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. తేమ 85 శాతం దాటితే పని ఆపాలి. ఒక సాయంత్రం చలిగా, తేమగా ఉన్నా తొందరపడి టెయిల్‌స్టాక్‌కు పూత వేశాను. పొద్దునకు దాని మీద మైనం రాసినట్టు ఒక జిడ్డు పొర. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ హార్డెనర్‌తో కలిసి అలా తేలుతుంది. దాని మీద నేరుగా రెండో పూత వేస్తే పట్టదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సన్నగా ఎమరీ కొట్టి అప్పుడు వేశాను. పూతకూ పూతకూ మధ్య ఇంత సమయం అని డబ్బా మీద ఉంటుంది. అది దాటితే ఎమరీ కొట్టక తప్పదు, ఎండిన ఎపాక్సీ మీద ఇంకో పూత దానంతటది పట్టుకోదు.

తాకితే అంటకపోవడానికి ఒక రాత్రి చాలు. పూర్తిగా కుదురుకోవడానికి వారం ఇవ్వండి. నేను పది రోజులు కూలెంట్ చుక్క పడనివ్వలేదు. ఆ పది రోజులు పని ఆగింది, ఆర్డర్ల టెన్షన్ ఉంది, అయినా ఆగాను.

మూడేళ్లలో ఏమైందంటే. కూలెంట్ ట్రే, బెడ్ ముందు భాగం, క్యారేజ్ ఏప్రన్ (క్యారేజ్ ముందు పలక), ఎక్కడా ఉబ్బు లేదు, మెత్తబడటం లేదు. స్టాండు వెనక, కనపడని చోట చిన్న గళ్లు వచ్చేలా బ్లేడుతో అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గీతలు గీసి, టేపు అంటించి లాగాను. రంగు ఎంత గట్టిగా అంటుకుందో చూసే, ఐఎస్ఓ 2409 అని పిలిచే పరీక్ష ఇది. గళ్లలో ఒక్కటీ లేవలేదు, అంటే సున్నా గ్రేడు, అన్నిటికన్నా మంచిది. అదే పరీక్ష పాత ఆకుపచ్చ మీద చేసినప్పుడు టేపుకు గళ్లన్నీ అంటుకుని వచ్చాయి. తుప్పు కలిసిన చిప్స్ పడ్డ చోట చిన్న గోధుమ మరకలున్నాయి, రుద్దితే పోతాయి.

లోపాలూ ఉన్నాయి. ఎపాక్సీ గట్టిది కానీ పెళుసు. చక్ కీ జారి ట్రే అంచు మీద పడిన రెండు చోట్ల గోరంత ముక్క ఎగిరింది. ఎనామెల్ అయితే నొక్కుకుపోయేది, ఇది చిట్లింది. అంచులు కొంచెం గుండ్రంగా రుద్ది వేసి ఉంటే ఇంత జరిగేది కాదు, వాడి అంచు మీద ఏ రంగూ మందంగా నిలవదు. కిటికీ వైపు హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్లుండే పెట్టె) కవర్ కాస్త పసుపు తిరిగింది, మెరుపు తగ్గి చేతికి సుద్దలా అంటుతోంది. ఎండ తగిలితే ఎపాక్సీ ఇలాగే అవుతుంది. మిషన్ ఆరుబయట గానీ, ఎండ నేరుగా పడే చోట గానీ ఉంటే ఈ రంగు ఒక్కటే వేయకండి. సరిచేయడం కూడా చిన్న పని కాదు. గోరంత ముక్కకు కూడా రెండు డబ్బాలు తెరిచి కొలిచి కలపాలి. మిగిలింది పారేయాల్సిందే.

రంగు ఏ షేడ్ వేయాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం మురికిని దాచిపెడతాయి. వాటితో పాటు లీకులను కూడా దాస్తాయి. నేను రాల్ (రంగులకు నంబర్లిచ్చే పట్టిక) 7035 అనే లేత బూడిద రంగు వేశాను. వేసిన రెండో నెలలోనే హెడ్‌స్టాక్ కింద సన్నటి గోధుమ గీత కనపడింది. స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) సీల్ నుంచి నూనె కారుతోంది. ఆకుపచ్చలో అయితే నూనె మట్టం తగ్గేదాకా తెలిసేది కాదు. చక్ దగ్గర వెలుతురు కూడా పెరిగింది, లేత రంగు లైటును తిప్పి పనిమీదకు కొడుతుంది. పాత యూరప్ మిషన్ల మీద తరచూ కనిపించే రెసెడా ఆకుపచ్చ, రాల్ 6011, నాకు చాలా ఇష్టం. చూడటానికి అంత హాయైన రంగు ఇంకోటి లేదు. అయినా పనిచేసే మిషన్‌కు లేత బూడిదే వేస్తాను.

హెడ్‌స్టాక్ లోపల వేసిన ఎర్ర రంగును నేను ముట్టుకోలేదు. పోతలో చిక్కిన ఇసుక రేణువులు నూనెలోకి రాకుండా లోపల పూసే పూత అది, వేడి నూనెకు తట్టుకునేది. అది గట్టిగా ఉంటే వదిలేయండి. లోపల మామూలు రంగు వేస్తే పెచ్చులు లేచి నూనె దారుల్లో అడ్డుపడతాయి.

రంగు వేసిన పాత మిషన్ కొనబోయేవాళ్లు ఒకసారి నేమ్ ప్లేటు అంచులు, బోల్టు తలల గాడులు, నూనె కన్నాలు, కరెంటు వైర్లు చూడండి. వాటి మీద రంగు పడి ఉంటే విప్పకుండా పైపైన కొట్టారన్నమాట. తర్వాత బెడ్. చక్ దగ్గర ఎక్కువ పని జరుగుతుంది కాబట్టి అక్కడే అరుగుతుంది, టెయిల్‌స్టాక్ చివర దాదాపు కొత్తగా ఉంటుంది. ఆ రెండు చోట్లా చేతివేలితో తడిమితేనే తేడా తెలియవచ్చు, డయల్ గేజ్ (సన్న తేడాలు చూపే కొలత పరికరం) పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. క్యారేజ్ లాక్‌ను చక్ దగ్గర సరిపడా బిగించి, చివరిదాకా తోసి చూడండి. మధ్యలో పట్టేస్తే బెడ్ అరిగిందని అర్థం. బెడ్ మొత్తం యాంగిల్ గ్రైండర్ ఎమరీతో మెరిపించి ఉంటే ఎంత చవకైనా నేను తీసుకోను. ఆ మెరుపు కోసం బెడ్ తిన్నదనాన్నే పాడుచేసి ఉంటారు. నా లేత్‌లో అరుగుదల ఉంది, రంగు దాన్ని మార్చలేదు. చక్ దగ్గర చిన్న పనులకు టేపర్ (అరుగుదల వల్ల వచ్చే వాలు) లెక్క వేసుకుని చేస్తున్నాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ పెళుసుదనానికి, చిన్న సరిచేతకు కూడా అంత హడావిడి చేయాల్సి రావడానికి తగ్గించాను. కూలెంట్ వాడే మిషన్, నీడలో ఉండేది, పది రోజులు ఆపగలిగేది అయితే సంకోచించకుండా తీసుకోండి. పొడిగా పనిచేసే డ్రిల్లింగ్ మిషన్‌కో, వైస్‌కో అయితే ఇంత అవసరం లేదు, జిడ్డు సరిగ్గా తీసి రెడ్ ఆక్సైడ్, మంచి ఎనామెల్ వేసినా ఏళ్లు నిలుస్తుంది. రెండు రోజుల్లో అయిపోవాలి, గీకే ఓపిక లేదు అంటే మాత్రం ఈ డబ్బా కొనకండి, నూనె మీద వేస్తే ఇదీ ఆ ఆకుపచ్చలాగే ఊడుతుంది.

మా పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్‌కు కూడా కూలెంట్ పైపు పెట్టాం, అందుకని దానికీ ఇదే వేస్తున్నాం. నిన్న టేబుల్ విప్పి అడుగున జెల్ పూశాం. కుర్రాడు అప్పుడే నూనె కన్నాలు లెక్కపెట్టి గోడ మీద సుద్దతో ఐదు అని రాశాడు. నేను మళ్లీ చూస్తే ఆరు ఉన్నాయి, ఒకటి పాత రంగు కింద కప్పబడిపోయి ఉంది. సూదితో తవ్వి తెరిచాం.